ఊళ్ళో గృహహింస మీద మీటింగ్ ఎలా పెట్టాలి: మైకు లేకుండా, ఎవరి మీదికీ ముప్పు తేకుండా

"అక్కా, మా సంఘంలో గృహహింస మీద మీటింగ్ పెట్టమన్నారు. ఎట్టా పెట్టాలి? ఏం మాట్లాడాలి?" ఒకసారి కావలి నుంచి, ఒకసారి పొదిలి నుంచి, ఇంకోసారి ఒంగోలు పక్క పల్లె నుంచి. ప్రశ్న మాత్రం ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి, ఇక రాసి పెడదామని కూర్చున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి గుడి ముందు షామియానా వేయించి, మైకు పెట్టించి, "గృహహింస నివారణ సదస్సు" అని బ్యానర్ కట్టించాను. జనం బాగా వచ్చారు. ఆ ఊపులో "ఎవరైనా మీ అనుభవం చెప్పండమ్మా" అన్నాను. ఒకామె లేచి మైకు పట్టుకుని రెండే రెండు మాటలు చెప్పి కూర్చుంది. అందరం చప్పట్లు కొట్టాం. ఆ మాటలు చివరి వీధిలో ఉన్న వాళ్ళింటి దాకా వినబడతాయన్న ఆలోచన నాకు రాలేదు. మర్నాడు పొద్దున ఆమె చెవి మీదుగా కొంగు కప్పుకుని కుళాయి దగ్గరికి వచ్చింది. నన్ను చూసి తల తిప్పుకుంది.

అప్పటినుంచి ఏ మీటింగ్ అయినా సరే, వచ్చినవాళ్ళు ఆ రాత్రి ఇంటికెళ్ళాక ఏమవుతుందో ముందు ఆలోచించి, ఆ తర్వాతే తేదీ పెడుతున్నాను. మీరూ అలాగే చేయండి.

కావలసినవి

- పదిహేను నుంచి పాతిక మంది. అంతకు మించితే రెండు మీటింగులుగా చేయండి.
- తలుపు వేసుకోగల చోటు. అంగన్‌వాడీ గది, సంఘం ఆఫీసు, ఎవరిదైనా లోపలి వసారా. రచ్చబండ, గుడి, టీకొట్టు ఎదురుగా వద్దు.
- మీతో ఇద్దరు మనుషులు. ఒకరు చంటిపిల్లల్ని ఆడించడానికి, ఒకరు గుమ్మం దగ్గర కూర్చుని తొంగిచూసేవాళ్ళని మాటల్లో పెట్టడానికి.
- మూతి మీద గుడ్డ కప్పిన చిన్న కుండలు రెండు, చింతపిక్కలు, శనగలు. ఎందుకో కింద చెబుతాను.
- ఫోన్ నంబర్ల చీటీలు. అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నవి. పెద్ద కరపత్రం ఇస్తే ఇంట్లో దాచుకోవడానికి చోటుండదు.
- టీ, బొరుగులు. ఇవి లేకపోతే మీటింగ్ సగంలోనే లేచిపోతారు, నా మాట నమ్మండి.

ఫొటోలు తీయకండి. పై అధికారులు ఫొటో కావాలని అడిగితే, అందరూ రాకముందు చాప, కుండలు పెట్టి ఒక ఫొటో తీసి పంపండి.

1. నంబర్లు ముందు మీకు తెలియాలి

చీటీ మీద నాలుగు నంబర్లు చాలు: మహిళలకు 181, అత్యవసరమైతే పోలీసులకు 112, పిల్లల కోసం 1098, ఉచిత న్యాయసహాయం కోసం 15100. చీటీ మీద "గృహహింస" అని రాయకండి. "ముఖ్యమైన నంబర్లు" అని రాసి, గ్యాస్ బుకింగ్ నంబరు, కరెంటోళ్ళ నంబరు కూడా చేర్చండి. ఎవరి కంట పడినా పర్లేదు.

181కి మీరే ఒకసారి ఫోన్ చేసి, ఫలానా ఊళ్ళో మీటింగ్ పెడుతున్నామని చెప్పి, ఫోన్ చేసినామెకు తర్వాత ఏమేం చేస్తారో అడగండి. 112కి మాత్రం పరీక్ష కోసం చేయకండి, అది ప్రాణం మీదికొచ్చినవాళ్ళ లైను. హింసకు గురైన ఆడవాళ్ళకు ఒకేచోట సాయం చేసే సఖి వన్ స్టాప్ సెంటర్ జిల్లాకొకటి చొప్పున ఉంటుంది. వీలైతే వెళ్ళి చూసి రండి. రాత్రి పదకొండింటికి వస్తే తలుపు తీసేదెవరు, పిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చా, మగపిల్లలైతే ఎన్నేళ్ళ దాకా ఉండనిస్తారు, ఎన్ని రోజులు ఉండవచ్చు? ఈ నాలుగు తెలియకుండా "సెంటర్ ఉందమ్మా, పో" అనడం ఆమెను నడిరోడ్డు మీద నిలబెట్టడమే.

అంగన్‌వాడీ టీచరుతో, ఆశా కార్యకర్తతో, గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆమెతో ముందే మాట్లాడుకోండి. వీళ్ళలో ఎవరికైనా ఒక ఇంటితో దగ్గరి చుట్టరికం ఉంటే, ఆ ఇంటి సంగతి వాళ్ళ దగ్గర ఎత్తకండి. పల్లెల్లో ఇది అందరూ మరిచిపోయే విషయం.

2. పేరు, వేళ

"గృహహింస మీటింగ్‌కి పోతున్నా" అని ఇంట్లో చెప్పి రావడం ఏ ఇల్లాలికీ కుదరదు. పొదుపు సంఘం నెల మీటింగ్ ఎలాగూ ఉంటుంది. దాని తర్వాత గంటన్నర కూర్చోబెట్టండి. లేదంటే "ఆడపిల్లల ఆరోగ్యం", "కుటుంబం, ఖర్చులు" అని పేరు పెట్టండి. అబద్ధం కాకుండా అరగంట నిజంగానే ఆ విషయం మాట్లాడండి.

నాట్ల రోజుల్లో, పొగాకు బ్యారన్లు కాల్చే రోజుల్లో పెట్టకండి. సాయంత్రం ఐదు దాటితే ఎవరి మనసూ ఇక్కడ ఉండదు, పొయ్యి మీదే ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నర మంచి వేళ.

3. కూర్చోబెట్టడం

గుండ్రంగా, అందరూ చాప మీదే. మీరూ చాప మీదే. అత్తాకోడళ్ళు ఇద్దరూ వస్తే పక్కపక్కన కూర్చోనివ్వకండి. అసలు వేరే వేరే రోజుల్లో పిలవగలిగితే మరీ మంచిది.

మొదట చెప్పాల్సిన మాట: "ఇవాళ ఎవరూ సొంత ఇంటి సంగతి చెప్పొద్దు. పక్కింటి సంగతి అసలే చెప్పొద్దు. ఒక కథ చెబుతాను, ఆ కథలో మనుషుల గురించే మాట్లాడుకుందాం." ఈ మాటతో గదిలో భుజాలు కిందికి దిగడం మీకే కనబడుతుంది. "ఇక్కడి మాట బయటికి పోదు" అని మాత్రం హామీ ఇవ్వకండి. పాతికమంది ఉన్న చోట మాట పోతుంది. సొంత సంగతి చెప్పొద్దనడం అందుకే.

4. కథ

నేను చెప్పే కథ ఇది. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

"ఒక ఊళ్ళో ఒకామె రొయ్యల కంపెనీలో పనికి పోతుంది. జీతం ఆమె ఖాతాలోనే పడుతుంది, కార్డు మాత్రం ఆయన జేబులో ఉంటుంది. బస్సు చార్జీకి రోజూ పొద్దున చెయ్యి చాపాలి. ఒకరోజు బస్సు రాక గంట ఆలస్యంగా వచ్చింది. ఎవడితో మాట్లాడి వచ్చావని ఫోన్ లాక్కుని చూశాడు. ఆ రాత్రి కూరలో ఉప్పెక్కువైందని కంచం తీసి గోడకు కొట్టాడు. పులుసు గోడ మీద నుంచి కారతా ఉంటే, ఐదేళ్ళ పిల్ల గుడ్డ తెచ్చి తుడవబోయింది. ఆయన ఆమె మీద చెయ్యి మాత్రం ఎత్తలేదు. పొద్దున అత్త పక్కింటామెతో అంది: 'మావాడు బంగారం. ఒక్క దెబ్బయినా వెయ్యడు.'"

అక్కడ ఆపేయండి. నీతి చెప్పకండి. చీమకుర్తి వైపైతే ఆమెను క్వారీ దగ్గర పనికి పంపండి, ఇంకో చోట పొగాకు గ్రేడింగ్‌కి పంపండి. పేరు పెట్టాలనుకుంటే ఆ ఊళ్ళో లేని పేరు వెతకండి. మా వైపు ఊరికి నలుగురు రమణమ్మలు ఉంటారు. నేను ఒకసారి ఆ పేరు పెట్టి, మీటింగ్ అంతా ఒక రమణమ్మకి సర్దిచెప్పడంతోనే సరిపోయింది.

5. కుండలో గింజ

చేతులెత్తమంటే అందరూ పక్కవాళ్ళ చేతులు చూస్తారు. అందుకని గింజలు. ప్రతి ప్రశ్నకూ మనిషికో చింతపిక్క, ఒక శనగ ఇవ్వండి. చింతపిక్క అంటే అవును, శనగ అంటే కాదు. పిడికిలి మూసుకుని వచ్చి, గుడ్డ కింద చెయ్యి పెట్టి మొదటి కుండలో జవాబు వేయాలి, మిగిలిన గింజ రెండో కుండలో వేయాలి. రెండో కుండ లేకపోతే చేతిలో మిగిలింది చూసి జవాబు చెప్పేస్తారు. (శనగ తినేసినవాళ్ళు కూడా ఉన్నారు. వేయించినవి తేకండి.)

మూడు ప్రశ్నలు చాలు. ఆ ఇంట్లో జరిగింది హింసేనా? కట్టుకున్నవాడు అప్పుడప్పుడు ఒక దెబ్బ వేస్తే అది తప్పేనా? పక్కింట్లో దెబ్బల చప్పుడు వినబడితే మీరు వెళ్ళి తలుపు కొడతారా?

"మిమ్మల్ని ఎవరైనా కొట్టారా" అని గింజలతో కూడా అడగకండి. ఇరవైమందిలో మూడు చింతపిక్కలు పడితే, ఆ ముగ్గురూ ఎవరా అని ఊరంతా వారం రోజులు లెక్కలు వేస్తుంది.

అందరి ముందే లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పారేయకండి, మూడు నెలల తర్వాత కావాలి.

6. "తాగుడు మానితే అన్నీ సర్దుకుంటాయి"

ఈ మాట తప్పకుండా వస్తుంది. మన వైపు దీన్ని కొట్టిపారేయడానికి లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో అక్షరదీపం అనే వయోజన విద్య తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు ఒక్కటై సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. పలక పట్టుకుని కూర్చున్న కొద్దిమందితో మొదలైందది, షామియానాలతో కాదు. ఈ సంగతి పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ చేతే చెప్పించండి, కళ్ళు మెరుస్తాయి.

ఆ తర్వాత ఈ ప్రశ్న వేయండి: "తాగినోడు ఎస్సైని కొడతాడా? మేస్త్రీని కొడతాడా? మరి అంత మత్తులో ఎవరిని కొట్టొచ్చో, ఎవరిని కొట్టకూడదో ఎట్టా తెలుస్తోంది?" కాసేపు నవ్వుతారు, తర్వాత ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. మందు దెబ్బను పెద్దది చేస్తుంది, అది నిజమే. చుక్క ముట్టనివాళ్ళ ఇళ్ళలో ఏం జరుగుతుందో మాత్రం ఆ గదిలో కూర్చున్నవాళ్ళకు తెలుసు.

7. చట్టం, పది నిమిషాల్లో

సెక్షన్లు చదవకండి. ఇంతవరకే చెప్పండి.

గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఒంటి మీద దెబ్బ, ఇష్టం లేకుండా పడకటింటి బలవంతం, తిట్లూ అవమానాలూ, డబ్బు లాక్కోవడమో ఇవ్వకపోవడమో, నాలుగూ దాని కిందికి వస్తాయి. కథలో కార్డూ కంచమూ రెండూ వచ్చినట్టే. భార్యకే కాదు, అదే ఇంట్లో ఉండే తల్లికి, అక్కచెల్లెళ్ళకు, విధవరాలైన కోడలికి కూడా ఈ చట్టం ఉంది.

అందరూ భయపడేది "కేసు పెడితే ఆయన్ని జైల్లో వేస్తారు, పిల్లలకు అన్నం ఎవరు పెడతారు" అని. ఈ చట్టం కింద అడిగేది జైలు కాదు. కొట్టొద్దని ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటొద్దని ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, పిల్లలు తన దగ్గర ఉండటం. ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మీరితే అప్పుడు ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రక్షణాధికారి (ఈ చట్టం కోసం ప్రభుత్వం నియమించిన అధికారి) దగ్గర అర్జీ రాయించుకోవచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వం తరఫున ఉచితంగా లాయరును ఇస్తారు. అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా, నిజానికి ఎక్కువే పడుతుంది. ఇది దాచకండి, తర్వాత మిమ్మల్నే తిడతారు.

కట్నం కోసం వేధించడం, భర్తో అత్తింటివాళ్ళో క్రూరంగా హింసించడం వేరే నేరం. అందరికీ తెలిసిన 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి. ఎవరైనా "ఆడోళ్ళు దొంగ కేసులు పెట్టట్లా?" అంటే వాదనకు దిగకండి. "అబద్ధపు కేసు తప్పే. అది కోర్టు చూసుకుంటుంది. ఇవాళ మనం మాట్లాడేది దెబ్బ గురించి" అని ముందుకు పోండి.

8. పక్కింటివాళ్ళ పని

ఎక్కువసేపు ఉండాల్సింది ఈ మెట్టు మీదే. దెబ్బలు తినే ఆమెకు ధైర్యం చెప్పడం కంటే, చప్పుడు విని టీవీ సౌండ్ పెంచుకునే పది ఇళ్ళను మార్చడం తేలిక, ఫలితం కూడా తొందరగా వస్తుంది.

గొడవ వినబడితే ఇద్దరు కలిసి వెళ్ళండి. తలుపు కొట్టి, "వదినా, పాలు తోడెయ్యాలి, కాస్త పెరుగుంటే ఇస్తావా?" అనండి. గొడవ ఊసు ఎత్తొద్దు, నీతులు చెప్పొద్దు. చేతిలో గిన్నె ఉండాలి. కొట్టేవాడి చెయ్యి ఒక్క నిమిషం ఆగుతుంది, బయటివాళ్ళు వింటున్నారని తెలుస్తుంది, ఆమెకు గుమ్మం దాకా రావడానికి ఒక సాకు దొరుకుతుంది. దీన్ని మీటింగ్‌లో నాటకంలా ఆడించండి. మొగుడి వేషం వేయడానికి ఎవరో ఒక అల్లరి పిల్ల ముందుకొస్తుంది.

హెచ్చరిక: కత్తి, కిరోసిన్, పురుగుమందు లాంటిది ఏదైనా చేతిలో ఉన్నట్టు తెలిస్తే గిన్నె పట్టుకుని వెళ్ళకండి. దూరంగా నిలబడి 112కి ఫోన్ చేయండి. పోలీసుల జోలికి పోవడం ఇష్టం లేకపోతే, జరుగుతున్న హింస గురించి రక్షణాధికారికి ఎవరైనా చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసేమీ రాదని చట్టంలోనే ఉంది.

మర్నాడు ఆమె ఒంటరిగా కనబడితే అనాల్సింది: "నిన్న రాత్రి వినబడింది. తప్పు నీది కాదు. నేనేం చేస్తే బాగుంటుందో చెప్పు." అనకూడనివి మీకూ తెలుసు: నువ్వేమన్నావో, కాస్త సర్దుకుపో, పిల్లల మొహం చూసి ఓర్చుకో, నేనైతే ఎప్పుడో వదిలేసి పోయేదాన్ని. నాలుగోది ధైర్యం చెప్పినట్టు ఉంటుంది గానీ, విన్నామె తనకే చేతకాలేదనుకుంటుంది.

9. మగవాళ్ళతో వేరుగా

కలిపి పెట్టకండి. మగవాళ్ళ మీటింగ్ మగవాళ్ళే నడపాలి. ఊళ్ళో నలుగురూ మాట వినే లారీ డ్రైవరో, కబడ్డీ ఆడే కుర్రాడో, చర్చి పాస్టరో, మసీదు పెద్దో. మైపాడు, కొత్తపట్నం వైపు తీరపు ఊళ్ళలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఇళ్ళలో ఉంటారు, చేతిలో డబ్బు ఆడదు. గొడవలకూ అదే కాలం, మీటింగ్‌కీ అదే కాలం.

"మీరంతా కొడతారు" అని మొదలుపెడితే లేచిపోతారు. అగ్గిపుల్లలతో మొదలుపెట్టండి. ఒక్కొక్కరికీ రెండు కట్టలు, కట్టకు ఇరవైనాలుగు పుల్లలు. ఒక కట్ట తన రోజు, ఒక కట్ట భార్య రోజు. నిద్ర, పని, ఖాళీ అని మూడు కుప్పలుగా పేర్చమనండి. భార్య ఖాళీ కుప్పలో పుల్ల పెట్టబోయి, తీసి, మళ్ళీ పెట్టి, పక్కవాడి కుప్ప చూసేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. ఆ తర్వాత మాట దానంతటదే వస్తుంది.

కోపం వచ్చినప్పుడు ఏం చేయాలని అడిగితే ఒకటే చెప్పండి: "ఇప్పుడు కాదు, అన్నాలు తిన్నాక మాట్లాడదాం" అని బయటికెళ్ళు, చెప్పినట్టే తిరిగొచ్చి మాట్లాడు. రాకపోతే అది అలగడమే. పెళ్ళికాని కుర్రాళ్ళతో ఫోన్ పాస్‌వర్డ్ గురించి మాట్లాడండి. "ప్రేముంటే పాస్‌వర్డ్ ఇవ్వాలి" అన్న మాట ఈ వయసులోనే మొదలవుతుంది.

ఎవరైనా ఒంటరిగా వచ్చి చెబితే

మీటింగ్ రోజు ఎవరూ చెప్పరు. వారం తర్వాత బియ్యం చాటతోనో, సంఘం బాకీ కట్టే నెపంతోనో వస్తారు. వినండి. మధ్యలో ఆపి తేదీలు అడగకండి. వెంటనే "కేసు పెడదాం పద" అనకండి, ఎప్పుడు ఏం చేయాలో ఆమె ఇష్టం. వదిలిపోయే రోజులే చాలాసార్లు అన్నిటికంటే ప్రమాదమైనవి.

మూడు మాత్రం అడగండి: గొంతు నొక్కాడా? చంపుతానన్నాడా? దెబ్బలు ఈమధ్య పెరుగుతున్నాయా? గొంతు నొక్కి ఉంటే పైకి మచ్చ కనబడకపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లోపలి వాపు తర్వాత బయటపడొచ్చు. ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి, కాగితం మీద రాయించుకోవాలి. "జారిపడ్డాను" అని రాయిస్తే రేపు ఆ కాగితం ఆమెకే అడ్డం వస్తుంది.

ఒక సంచి సిద్ధం చేయించండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్ల జిరాక్సులు, రోజూ వేసుకునే మాత్రలు, రెండు జతల బట్టలు, కాస్త డబ్బు. అది ఆమె ఇంట్లో వద్దు, నమ్మకమైన ఇంట్లో ఉంచాలి. ఒక గుర్తు మాట కూడా అనుకోండి: "పిండి రుబ్బాలి, రా" అని ఫోన్ వస్తే వెంటనే రావాలని.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికంటే పెద్దది పంచాయితీ. మీటింగ్ బాగా జరిగిందన్న ఉత్సాహంలో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయబోతారు. భయపడే మనిషి, భయపెట్టే మనిషి ముందు నిజం చెప్పదు. ఆయన "ఇక కొట్టను" అంటాడు, పెద్దమనుషులు టీ తాగి వెళ్ళిపోతారు, తలుపు మూసుకుంటుంది. మామూలు అలకలకు రాజీ పనికొస్తుంది, దెబ్బలున్న చోట ఆ పని చేయకండి.

రెండోది, లాయరుని పిలిచి గంట ఉపన్యాసం ఇప్పించడం. పిలిస్తే పది నిమిషాలకే ఒప్పందం చేసుకోండి. మూడోది, ఒక్క మీటింగ్‌తో సరిపెట్టడం. నాలుగోది, మీరే అందరి బరువూ మోయడం. రాత్రుళ్ళు మీకు నిద్రపట్టని టెన్షన్ మొదలైతే, మీతో ఉన్న ఇద్దరితో చెప్పుకోండి, పని పంచుకోండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

హాజరు పట్టీ చూసి మురిసిపోకండి. మర్నాడు కుళాయి దగ్గరికి, ఆ వారంలో రేషన్ దగ్గరికి వెళ్ళి వచ్చినవాళ్ళందరూ కనబడుతున్నారో లేదో చూడండి. ఎవరైనా కనబడకపోతే ఏదో పనున్నట్టు వాళ్ళింటికి వెళ్ళి రండి. గది ఊడ్చేటప్పుడు కింద పడి ఉన్న నంబరు చీటీలు లెక్కపెట్టండి. ఇరవై ఇస్తే పదిహేను కింద దొరికితే, అవి దాచుకోవడానికి వీలుగా లేవని అర్థం. ఈసారి ఇంకా చిన్నగా, రవికె లోపల పెట్టుకునే పర్సులో పట్టేలా చేయండి.

మూడు నెలలకు మళ్ళీ అదే గదిలో, అవే కుండలు, అవే మూడు ప్రశ్నలు. పాత కాగితం పక్కన పెట్టుకుని చూడండి. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు మారడానికి ఏళ్ళు పట్టొచ్చు, దిగులుపడకండి. మూడోదాన్ని చూడండి. తలుపు కొడతామన్న చింతపిక్కలు మొదటిసారి ఐదు పడి, ఇప్పుడు తొమ్మిది పడితే, ఆ వీధిలో గిన్నె పట్టుకుని వెళ్ళేవాళ్ళు కొత్తగా నలుగురు వచ్చినట్టు. పెరగకపోతే ఎనిమిదో మెట్టు నాటకం ఇంకోసారి ఆడించండి, ఈసారి మొగుడి వేషం వేరేవాళ్ళకివ్వండి.